ఒక గోల్ తక్కువ, నాలుగు పాయింట్లు ఎక్కువ: 2023 గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్‌ను గెలిపించింది వ్యూహమా, అదృష్టమా?

నలుపుతెలుపు (ప్రశ్న)

2023 సెప్టెంబరు 30న మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో జరిగిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్) గ్రాండ్ ఫైనల్‌ను ఈ వారాంతంలో మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చూశాను. కాలింగ్‌వుడ్ అభిమానిగా ఆ రోజు నేను స్కోరు బోర్డును చూశానే తప్ప ఆటను చూడలేదని ఇప్పుడు అర్థమైంది. తుది స్కోరు మీ అందరికీ తెలిసిందే: మా జట్టు 12 గోల్స్, 18 బిహైండ్లతో 90 పాయింట్లు, బ్రిస్బేన్ లయన్స్ 13 గోల్స్, 8 బిహైండ్లతో 86 పాయింట్లు. నడిమి రెండు ఎత్తు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు; వాటి పక్క స్తంభాల మధ్యకు వెళితే బిహైండ్, ఒక్క పాయింటు. ప్రత్యర్థి కంటే ఒక గోల్ తక్కువ కొట్టిన జట్టు కప్పు ఎత్తుకుందన్నమాట.

నా సందేహం ఆ ఒక్క మ్యాచ్‌కు సంబంధించింది మాత్రమే కాదు. ఆ ఏడాది ఫైనల్స్‌లో (లీగ్ దశ ముగిశాక కప్పు కోసం జరిగే మ్యాచ్‌లలో) మెల్బోర్న్‌పై 60–53తో ఏడు పాయింట్ల తేడాతో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీపై 58–57తో ఒకే ఒక్క పాయింటు తేడాతో, చివరికి లయన్స్‌పై నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం. మూడు మ్యాచ్‌ల ఆధిక్యం మొత్తం కలిపితే పన్నెండు పాయింట్లు, అంటే రెండు గోల్స్. ఇంత సన్నని దారిలో మూడుసార్లు జారకుండా నడవడం కోచ్ క్రెయిగ్ మెక్రే నేర్పిన విద్యే అని నేను ఇన్నాళ్లూ వాదిస్తూ వచ్చాను. 2022లో ఎసెండన్‌పై జేమీ ఇలియట్ ఆట ముగింపు సైరన్ మోగాక కొట్టిన గోల్‌తో గెలిచినప్పటి నుంచీ, చివరి నిమిషాల్లో మా జట్టుకు తొట్రుపాటు ఉండదన్నది మాలో చాలామందికి ఒక నమ్మకంగా మారిపోయింది. అయితే ఈసారి చూసినప్పుడు ఆ 18 బిహైండ్లు నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి. వాటిలో నాలుగైదు గోల్స్‌గా మారి ఉంటే చివరి క్వార్టర్ అంత ఉత్కంఠగా సాగేదే కాదు కదా? మనం చూసినది ఒత్తిడిలో గెలవగల నేర్పా, లేక గెలవాల్సిన ఆటను చేజేతులా చిక్కుల్లోకి నెట్టుకుని చావు తప్పి కన్ను లొట్టపోయిన చందాన బయటపడటమా? ఆటను నిశితంగా చూసేవారు మీ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గబ్బా మెట్లు

నేను లయన్స్ అభిమానిని కాబట్టి నా మాటలో కొంత చేదు ఉంటుంది, మన్నించండి. అయినా మీ ప్రశ్నలో ఉన్న ఒక అపోహను తొలగించడం అవసరమనిపించింది. 18 బిహైండ్లంటే 18 గోల్ అవకాశాలు వృథా అయినట్టు కాదు. గురి తప్పి పక్క స్తంభాల మధ్యకు వెళ్లిన కిక్కుతో పాటు, ఎత్తు స్తంభానికి తగిలిన బంతీ, వేరే గత్యంతరం లేక డిఫెండర్ గీత దాటించిన బంతీ కూడా బిహైండ్ లెక్కలోకే వస్తాయి. స్కోరు నమోదైన సందర్భాలు మీకు 30, మాకు 21 అన్నది నిజమే. దాన్నిబట్టి బంతి ఎక్కువ సేపు మా గోల్ వైపే తిరుగాడిందని చెప్పవచ్చు. కానీ అది ఎంత దూరం నుంచి, ఏ కోణంలో తిరుగాడిందన్నదే అసలు విషయం. బౌండరీ గీత దగ్గర మార్క్ పట్టి (తన్నిన బంతిని నేల తాకకముందే అందుకుని) అక్కడి నుంచి గురి చూస్తే ఎంతటి ఆటగాడికైనా గోల్ కష్టమే. ప్రత్యర్థిని అటువైపు తోలడం డిఫెన్సు పనితనం, అది మా వాళ్లు చాలాసేపు బాగానే చేశారు.

మీ కోచ్‌కు ఇవ్వాల్సిన మెప్పు మాత్రం ఒకచోట ఇస్తాను. గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టయిన ప్రిలిమినరీ ఫైనల్‌లో మోకాలి గాయమై డాన్ మెక్‌స్టే దూరమైతే, అతని చోట బిల్లీ ఫ్రాంప్టన్‌ను తెచ్చి మా హారిస్ ఆండ్రూస్‌కు కాపలాగా నిలబెట్టారు. చూసేవారికి ఫ్రాంప్టన్ ఫార్వర్డ్, కానీ అతని అసలు పని గోల్స్ కొట్టడం కాదు. ఆండ్రూస్ తన మనిషిని వదిలి గాలిలో వస్తున్న బంతికి అడ్డుపడటంలో ఆరితేరినవాడు, ఆ స్వేచ్ఛ అతనికి దక్కకుండా చేయడమే ఫ్రాంప్టన్ బాధ్యత. ఫ్రాంప్టన్ పేరు మరుసటి రోజు ఎవరి నోటా పెద్దగా వినిపించకపోవచ్చు గానీ, బాబీ హిల్ నాలుగు గోల్స్ కొట్టి గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం అందుకోవడానికి కావలసిన ఖాళీ జాగా కొంతవరకు ఇలాంటి ఏర్పాటు వల్లనే దొరికిందని నా అభిప్రాయం. నేథన్ మర్ఫీ మొదటి క్వార్టర్‌లోనే తలకు దెబ్బ తగిలి ఆటకు దూరమైనా మీ వెనుక వరుస కుదేలు కాకపోవడాన్ని కూడా నేను అదృష్టం ఖాతాలో వేయను.

చివరి నిమిషాల గురించి మాత్రం వేరే మాట. లాకీ నీల్‌కు ఫ్రీ కిక్ ఇచ్చి, జాక్ బెయిలీ అప్పటికే బంతిని ముందుకు తన్నాడని అంపైర్ అడ్వాంటేజ్ ప్రకటించిన, అంటే ఫ్రీ కిక్ కోసం ఆపకుండా ఆటను కొనసాగనిచ్చిన ఆ క్షణాన్ని నేను మరిచిపోలేను. ఆ ఫ్రీ కిక్ నీల్ చేతిలోనే ఉండి, ఎవరెక్కడున్నారో తల ఎత్తి చూసుకునే వ్యవధి దొరికి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటూ చాలా రాత్రులు గడిపాను. ఆ ఒక్క దాని వల్లే ఓడామని మాత్రం అనను.

బౌండరీ గీత

ఇద్దరూ సగం సగం సరిగానే చెప్పారు. కానీ ఫలితం తేలిన చోటును మాత్రం ఇద్దరూ దాటేసి వెళ్లారు. నేను స్థానిక లీగ్‌లో చాలా ఏళ్లు వింగ్‌లో (మైదానం మధ్య భాగపు అంచున) ఆడినవాణ్ణి కాబట్టి, సన్నని ఆధిక్యాన్ని కాపాడుకునే పని మైదానం లోపలి నుంచి ఎలా కనిపిస్తుందో కొంచెం వివరంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

చివరి క్వార్టర్ వరుస గుర్తు చేసుకోండి. చార్లీ కామెరాన్ గోల్‌తో లయన్స్ ముందుకు వెళ్లారు. జోర్డన్ డి గోయీ దూరం నుంచి కొట్టిన గోల్‌తో ఆధిక్యం మళ్లీ కాలింగ్‌వుడ్‌కు వచ్చింది. ఆ తరువాత స్టీల్ సైడ్‌బాటమ్ మరో పొడవైన కిక్కుతో దాన్ని పది పాయింట్లకు చేర్చాడు. పది పాయింట్లంటే ప్రత్యర్థికి రెండు గోల్స్ అవసరం. అందువల్లనే జో డానిహర్ ఆఖర్లో గోల్ కొట్టి తేడాను నాలుగుకు తగ్గించినా లయన్స్ చేతిలో ఉన్నది సగం పనే. నా దృష్టిలో కప్పును తెచ్చిన కిక్ సైడ్‌బాటమ్‌ది. డి గోయీ గోల్ గొప్పదే అయినా, ఆధిక్యాన్ని ఒక గోల్ దూరం నుంచి రెండు గోల్స్ దూరానికి నెట్టిన కిక్కు విలువ వేరు.

ఇక డానిహర్ గోల్ తరువాతి సెంటర్ బౌన్స్ సంగతి. గోల్ పడ్డాక మైదానం నడిమి చతురస్రంలో అంపైర్ అప్పట్లో బంతిని నేలకు కొట్టి పైకి లేపి ఆటను మళ్లీ మొదలుపెట్టేవాడు, అదే సెంటర్ బౌన్స్. 2019 నుంచి అమల్లో ఉన్న 6-6-6 నియమం ప్రకారం సెంటర్ బౌన్స్ వేళ ప్రతి జట్టూ ముందు భాగంలో ఆరుగురిని, మధ్యలో ఆరుగురిని, వెనుక ఆరుగురిని నిలపాలి. పాత రోజుల్లోలాగా, ఆధిక్యంలో ఉన్న జట్టు పది మందిని తీసుకువెళ్లి గోల్ ముందు గోడ కట్టే వీలు ఇప్పుడు లేదు. దీని అర్థం ఏమిటంటే, నాలుగు పాయింట్ల ఆధిక్యంతో ఉన్న జట్టుకు అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘడియ తాను గోల్ ఇచ్చిన వెంటనే వచ్చే ఆ బౌన్సే. చతురస్రంలో నలుగురికి నలుగురు, వారి వెనుక విశాలమైన ఖాళీ. బౌన్స్‌లో పైకి లేచిన బంతి కోసం ఎగిరే రక్‌మన్ తట్టిన బంతి అవతలి మిడ్‌ఫీల్డర్ చేతిలో శుభ్రంగా పడితే నాలుగైదు సెకన్లలో అది మీ గోల్ ముందు ఉంటుంది. అక్కడ నిలబడిన వింగ్ ఆటగాడికి అప్పుడు ఒక్కటే ఆలోచన: బంతి గాలిలోకి లేచిన మరుక్షణం ప్రత్యర్థి గోల్ వైపు కాదు, తన గోల్ వైపు పరుగెత్తాలి. కాళ్లు ముందుకు లాగుతుంటాయి, మెదడు వెనక్కి లాగుతుంటుంది. నేను ఒకసారి ఆ క్షణంలో బంతి వైపు రెండు అడుగులు ఎక్కువ వేశాను. నా వెనుక నుంచి దూసుకుపోయిన కుర్రవాడి వీపు మీది అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది.

దీన్ని తిరగేసి చూడండి. అదే నాలుగు పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు ప్రత్యర్థి బిహైండ్ కొడితే ఒక పాయింటు పోతుంది, కానీ బంతి మన చేతికే వస్తుంది, గోల్ ముందు నుంచి దాన్ని మళ్లీ ఆటలోకి తన్నే కిక్-ఇన్ వేళ 6-6-6 వర్తించదు కాబట్టి మనవాళ్లను మనకు నచ్చిన చోట నిలుపుకోవచ్చు. నాలుగు పాయింట్ల ఆధిక్యంలో మూడు బిహైండ్లు ఇచ్చినా గెలుపు మనదే. అలాగని డిఫెండర్ తీరిగ్గా బంతిని గీత దాటించేస్తే 2009 నుంచి ఫ్రీ కిక్ ఇస్తున్నారు గనుక, నిజంగా ఒత్తిడి ఉన్నప్పుడే ఆ దారి తొక్కాలి. గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీపై ప్రిలిమినరీలో ఈ సౌలభ్యం లేదు. అక్కడ ఆధిక్యం ఒక్క పాయింటే, ఒక్క బిహైండ్ పడితే స్కోరు సమమై ఆట అదనపు సమయానికి వెళ్లేది. అందుకే ఫలితాల్లో పక్కపక్కన ఉన్న ఆ రెండు గెలుపులను ఒకే గాటన కట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇక బంతి మన దగ్గర ఉన్నప్పుడు చేయవలసింది చెప్పడానికి సులువు, చేయడానికి కత్తి మీద సాము. పదిహేను మీటర్లు ప్రయాణించిన కిక్కును పట్టుకుంటే మార్క్. 2021లో వచ్చిన నియమం ప్రకారం మార్క్ పట్టిన చోట నిలబడ్డ ప్రత్యర్థి కదలకూడదు. కాబట్టి ఖాళీగా ఉన్నవాడికి చిన్న కిక్, అతను ఆగి, చుట్టూ చూసి, మరొకరికి చిన్న కిక్. ఇలా గడియారాన్ని కరిగించాలి. కాలింగ్‌వుడ్‌కు ఇది సహజమైన ఆట కాదు. మెక్రే జట్టు బలమంతా బంతి దొరకగానే మైదానం నడిబొడ్డు గుండా వేగంగా దూసుకుపోవడంలో ఉంది. వెనుకబడినప్పుడు ఆ జట్టు అంత ప్రమాదకరంగా ఉండటానికీ, ముందంజలో ఉన్నప్పుడు మన గుండెలు అంతగా అదరడానికీ కారణం ఒక్కటే.

నలుపుతెలుపు

బౌండరీ గీత గారూ, ఆరేళ్లుగా ఈ ఆట చూస్తున్నా గోల్ ఇచ్చాక వచ్చే బౌన్స్ బిహైండ్ కంటే ఇంత ప్రమాదకరమని నేనెప్పుడూ ఆలోచించలేదు. అయితే మీ వివరణ నా ప్రశ్నను ఇంకాస్త పదును పెట్టింది. ఈ నియమాలన్నీ అన్ని జట్లకూ తెలిసినవే, అందరూ సాధన చేసేవే. మరి ఒక జట్టు మాత్రమే మళ్లీ మళ్లీ ఎలా గట్టెక్కుతుంది?

నాలుగో క్వార్టర్

గట్టెక్కదు, అదే నా జవాబు. మీరు గెలిచిన మ్యాచ్‌లనే లెక్కపెడుతున్నారు. 2022 ఫైనల్స్‌లో ఇదే కోచ్ నాయకత్వంలో, దాదాపు ఇదే జట్టు జీలాంగ్ చేతిలో ఆరు పాయింట్ల తేడాతో, ఆ తరువాత సిడ్నీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. 2018 గ్రాండ్ ఫైనల్‌లో వేరే కోచ్ కింద, బౌండరీ గీత పక్క నుంచి డామ్ షీడ్ కొట్టిన గోల్‌తో వెస్ట్ కోస్ట్ 79–74తో మీ నుంచి కప్పు లాక్కుంది. ఇంకా వెనక్కి వెళితే 1966లో సెయింట్ కిల్డా 74–73తో మిమ్మల్ని ఒక్క పాయింటు తేడాతో ఓడించింది, అదీ ఒక బిహైండ్ పుణ్యమా అని. 2010లో అదే సెయింట్ కిల్డాతో గ్రాండ్ ఫైనల్ 68–68తో సమమైనప్పుడు, బంతి స్టీఫెన్ మిల్న్ చేతికి అందకుండా పక్కకు ఎగిరి బిహైండ్‌గా వెళ్లకపోయి ఉంటే, మీరు వారం తరువాత మళ్లీ ఆడి 56 పాయింట్ల తేడాతో గెలిచే అవకాశమే వచ్చేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి నేల మీద పడ్డాక ఎటు ఎగురుతుందో ఏ కోచ్ పలక మీదా గీసి చూపలేడు.

2023 ఫైనల్స్‌ను నేర్పుకు రుజువుగా చూపేవారు 2024 సంగతి కూడా చెప్పాలి. అదే కోచ్, అవే పద్ధతులు. జట్టు తొమ్మిదో స్థానంలో నిలిచి ఫైనల్స్‌కే రాలేదు. అప్పట్లో మనలో చాలామంది వాపును చూసి బలుపని అనుకున్నామేమో ఆలోచించండి. అదే ఏడాది లయన్స్ గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీని 60 పాయింట్ల తేడాతో చిత్తు చేశారు, అప్పుడు ఆఖరి నిమిషం గురించి మాట్లాడుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

బౌండరీ గీత

నాలుగో క్వార్టర్ గారి లెక్కలతో నాకు పేచీ లేదు. దగ్గరి మ్యాచ్‌లన్నీ గెలిపించే మంత్రం ఏ జట్టు దగ్గరా ఉండదు. అయితే సాధన చేసిన జట్టుకు గెలుపు ఖాయం కాదు గానీ, దాని చేతిలో ఉన్న తప్పులు తగ్గుతాయి. 2023లో డానిహర్ గోల్ తరువాత సైరన్ మోగేవరకూ కాలింగ్‌వుడ్ మరో గోల్ ఇవ్వలేదు, నేను చెప్పగలిగేది అంతే. బంతి ఒక గజం అటు ఎగిరి ఉంటే ఇదే మాట గబ్బా మెట్లు గారు నాతో అనేవారు.

గబ్బా మెట్లు

అనేవాణ్ణే. నీల్ ఆ ఫ్రీ కిక్ తానే తీసుకుని ఉంటే ఆ ఒక్క గజం ఎటు పోయేదో అని ఇప్పటికీ లెక్క వేస్తూనే ఉన్నాను.