వంద రూపాయల ఎన్టీఆర్ నాణేనికి తొమ్మిది వేలు: ముచ్చటా, మతిలేని పనా?

కోనసీమ బుల్లోడు
మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారు రిటైరైన టీచరు, ఎన్టీఆర్ అంటే ప్రాణం. శతజయంతికి కేంద్రం వేసిన వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు కదా, అప్పుడు ఈయనకు దొరకలేదు. టంకశాల ధర ప్యాకింగును బట్టి 4,050 నుంచి 4,850 దాకా ఉండేది. ఇప్పుడు ఒకాయన చెక్క పెట్టెతో సహా తొమ్మిది వేలకు ఇస్తానంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. ఇంట్లో మాటల్లేవు. పెద్దలు మీరేమంటారు?

చెరువుగట్టు
వద్దండి. దాని మీద ఎంతని రాసుందో చూడమనండి మీ నాన్నగార్ని.

పాలకొల్లు నాణేలు
చెరువుగట్టు గారూ, మీద రాసిన అంకెను బట్టి ధర కట్టేది జేబులో తిరిగే డబ్బుకి. ఇది చలామణికి వేసిందే కాదు. హైదరాబాద్ టంకశాల ముద్రించింది. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి, నలభై శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. ప్రూఫ్ రకమైతే మెరుగు పెట్టిన అచ్చుతో ఒకటికి రెండుసార్లు కొడతారు. బొమ్మ చుట్టూ ఉన్న నేల అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు కనిపిస్తుంది. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది తేడా. ముద్రించే ఖర్చు, పెట్టె, పన్ను, అన్నీ కలిపే ఆ ధర.

లెక్కల పంతులు
35లో సగం అంటే 17.5 గ్రాములు. విడుదలైన రోజుల్లో గ్రాము వెండి సుమారు 75 రూపాయలు. అంటే 1,300 పైచిలుకు సరుకు. మిగతా రెండు వేల ఏడు వందలు అద్దానికీ మంచుకీ అన్నమాట.

పాలకొల్లు నాణేలు
2025 డిసెంబరులో కిలో వెండి రెండు లక్షలు దాటింది పంతులు గారూ. అదే 17.5 గ్రాములకు 3,500. అప్పుడు నవ్వినవాళ్ళు ఇప్పుడు లెక్క వేసుకోవాలి.

లెక్కల పంతులు
వేసుకుని ఏం చేస్తాం? కరిగించకూడదు. 2011 నాణేల చట్టం ప్రకారం నాణెం కరిగిస్తే ఏడేళ్ళ దాకా జైలు. ఆ వెండి చూసుకోవడానికే.

చెరువుగట్టు
అదీ మాట! పైగా కొట్లో కూడా చెల్లదు.

పాలకొల్లు నాణేలు
చెల్లదని ఎవరన్నారు? రూపాయి, అంతకు పైబడిన నాణేలు ఒక చెల్లింపులో మొత్తం వెయ్యి రూపాయల దాకా చెల్లుతాయని అదే చట్టంలో ఉంది. చదివి మాట్లాడండి.

చెరువుగట్టు
సరే, చదవను. మీరే ఆ నాణెం పట్టుకెళ్ళి పాలకొల్లు బజార్లో వంద రూపాయల ఉల్లిపాయలు తెచ్చి, ఫొటో పెట్టండి.

పాలకొల్లు నాణేలు
నాలుగు వేల వస్తువుతో ఉల్లిపాయలు కొనేవాడెవడు? చట్టం వేరు, తెలివి వేరు.

చెరువుగట్టు
మరి చెల్లుతుందని ఎందుకు వాదించారు?

రాజోలు రాణి
మా వైపు కొన్ని కొట్లలో పది రూపాయల బిళ్ళే తీసుకోరండీ. పద్నాలుగు రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పినా వినరు. ఇక వంద బిళ్ళ సంగతి దేవుడెరుగు.

గోదారోడు
మా దగ్గర 2012 నాటి వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ళ ఉంది. లక్షలు పలుకుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

పాలకొల్లు నాణేలు
కాదు బాబూ. ఎవరైనా ముందు కమీషన్ కట్టమంటే కట్టొద్దు. తన పేరు వాడుకుని పాత నాణేలు కొంటామనే మోసాల మీద రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

చెరువుగట్టు
మోసం ఫోన్లోనే జరగక్కర్లేదు. మా అల్లుడికి కానుకగా ఇద్దామని ఒక వ్యాపారి దగ్గర ఇదే నాణెం టంకశాల ధరకు దాదాపు రెట్టింపు పెట్టి కొన్నాను. "ఏడాది ఆగండి, మూడింతలు" అన్నాడు. అల్లుడు మర్యాదగా తీసుకుని మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు, అది వేరే కథ. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం యాభై శాతానికి పెరిగి రొయ్య ధర పడిపోయినప్పుడు మా రొయ్యల మేత బాకీ కట్టడానికి ఆ నాణెం మళ్ళీ ఆయన దగ్గరికే పట్టుకెళ్ళాను. పెట్టె మూల నలిగిందని, కొన్నదాంట్లో మూడో వంతు ఇస్తానన్నాడు. అమ్మేటప్పుడు అరుదైనది, కొనేటప్పుడు నలిగినది!

లెక్కల పంతులు
అమ్మలేదా మరి?

చెరువుగట్టు
అమ్మలేదు. బీరువాలో ఉంది.

పాలకొల్లు నాణేలు
ఒక వ్యాపారి చేసినదానికి సేకరించేవాళ్ళందర్నీ అంటే ఎలాగండీ? సంక్రాంతికి మీ భీమవరం వైపు కోడిపందేల బరుల దగ్గర ఒక్క పూటలో ఎంత పోతుందో ఎవరూ లెక్క అడగరు. అది సరదా. మేము నాణెం కొంటే మాత్రం పిచ్చి. మా ఇంట్లో చుట్టాలు వస్తే నా ఆల్బమ్‌లు చూసి నవ్వుతారు, అలవాటైపోయింది.

చెరువుగట్టు
నోరు జాగ్రత్త. మా ఇంటా వంటా పందెం లేదు. మీ సంగతి నేను చెప్పనా? టంకశాల బుకింగ్ తెరిచిన నిమిషంలో మీ పేర, మీ ఆవిడ పేర, బావమరిది పేర సెట్లు లాగేస్తారు. నెల తిరక్కుండా రెట్టింపుకు అమ్మకానికి పెడతారు. మీ ప్రకటన నిరుడు ఇదే వేదికలో చూశాను. మీ నాన్నగారికి 2023లో ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలిసిందా బుల్లోడూ?

రాజోలు రాణి
అమ్మో.

పాలకొల్లు నాణేలు
అమ్మాను, దాచలేదు. ధాన్యం నిల్వ పెట్టి రేటొచ్చాక అమ్మితే రైతు తెలివైనవాడు, నేనైతే దొంగనా? ఆ లాభంతోనే నా మిగతా సెట్లు కొనుక్కుంటాను. జీతంలోంచి రూపాయి తీయను.

చెరువుగట్టు
ధాన్యం రైతు పండిస్తాడు, మీరేం పండించారు? సూటిగా చెబుతున్నా. టంకశాలకు 4,050 ఇవ్వడం మీద నాకు ఏ గొడవా లేదు. ఇష్టమున్నోడు ఇస్తాడు, అది సర్కారుకు పోతుంది. నా గొడవంతా మధ్యలో కూర్చున్న మీలాంటోళ్ళతో.

లెక్కల పంతులు
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే ఉల్లిపాయల దాకా వెళ్ళేవాళ్ళం కాదు.

పాలకొల్లు నాణేలు
మధ్యలో మేము లేకపోతే ఆలస్యంగా మనసు పడినవాడు ఎక్కడ కొంటాడు? దానికి జవాబివ్వండి.

చెరువుగట్టు
మీరు ముందే లాక్కోకపోతే టంకశాల దగ్గరే కొంటాడు.

రాజోలు రాణి
ఇద్దరూ ఆగండి. బుల్లోడు గారూ, మీ అమ్మగారు ఎందుకు వద్దంటున్నారో ఎవరూ అడగలేదు. ధర ఎక్కువనేనా?

కోనసీమ బుల్లోడు
ధర కాదండి. చెల్లి పెళ్ళికి అమ్మ కాసులపేరు బ్యాంకులో పెట్టాం, ఇంకా విడిపించలేదు. "ముందు నా కాసులు తెచ్చి, తర్వాత ఆయన బిళ్ళ తెచ్చుకోమను" అంది. నాన్నగారేమో పింఛను తనది అంటున్నారు. రెండూ నిజమే, నేనేం చెప్పను?

చెరువుగట్టు
కాసులపేరు విడిపించండి బాబూ. ఇంక మాటల్లేవు.

పాలకొల్లు నాణేలు
నేనూ అదే అంటాను. ఈ నాణెం కొనాలనుకుంటే తర్వాతైనా దొరుకుతుంది. కొనేటప్పుడు మాత్రం అది ప్రూఫో, ఆ ప్రత్యేక మెరుగు లేని మామూలు యూఎన్‌సీనో అడగండి. అప్పటి టంకశాల ధర 4,850 చెక్క పెట్టె రకానిది, అట్ట ఫోల్డరు ధరలు అంతకంటే తక్కువ. పెట్టె మార్చి అమ్మేవాళ్ళున్నారు.

రాజోలు రాణి
ఆ తొమ్మిది వేల ఆయన మీరే కాదు కదండీ, పాలకొల్లు గారూ?

పాలకొల్లు నాణేలు
నేనైతే ఏడున్నరకే ఇచ్చేవాణ్ణి.

చెరువుగట్టు
చూశారా!

కోనసీమ బుల్లోడు
కాదండి, ఆయనది తణుకు.