కౌన్సిలర్‌కు అర్జీ ఇచ్చినా కాలువ పని కదలట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: తెలంగాణలో చిన్న మున్సిపాలిటీ. వీధి చివర కాలువ ప్రతి వానకూ పొంగుతుంది. కౌన్సిలర్ గారు "చూద్దాం" అంటున్నారు. అసలు ఆయన చేతిలో ఎంత ఉంటుంది?

జవాబు: సొంతంగా బిల్లు పాస్ చేసే అధికారం ఉండదండీ. పూడిక తీయించడం వేరు, కొత్త కాలువ వేరు. మొదటిది శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు గట్టిగా చెబితే అయ్యే పని. రెండోదానికి ఏఈ (మున్సిపల్ అసిస్టెంట్ ఇంజినీర్) కొలతలు తీసి ఎస్టిమేట్ వేయాలి, అది కౌన్సిల్ అజెండాకెక్కి తీర్మానం కావాలి, ఆపైన టెండర్. అజెండా ఖరారయ్యాక వెళ్తే వచ్చే సమావేశం దాకా ఆగాల్సిందే. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీపై ఇన్‌వార్డు నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోండి. ఊరికే "కాలువ బాగు చేయండి" అంటే ఫైలు కదలదు. ఏ ఇంటి నంబరు నుంచి ఎక్కడిదాకా, ఎన్ని మీటర్లు, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో రాయండి.

జవాబు: పొంగేది మీ దగ్గరైనా లోపం తరచూ దిగువ కల్వర్టులో ఉంటుంది. దాని అడుగు కాలువ అడుగుకన్నా ఎత్తులో ఉంటే ఎంత పూడిక తీసినా నీళ్లు వెనక్కే తంతాయి. ముందు లెవెల్స్ (అడుగుల ఎత్తుపల్లాల కొలతలు) పట్టించమనండి.

జవాబు: 2019 మున్సిపాలిటీల చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలున్నాయి: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది. వాళ్ల సంతకాలుంటే అర్జీకి బరువు. అన్నట్టు, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత అదే చట్టం కౌన్సిలర్‌పైనా పెట్టింది. కాబట్టి కాలువ గట్టున మొక్కలు పెట్టించే ముందే పూడిక తీసే జేసీబీకి దారి వదలమనండి, తర్వాత పీకనివ్వరు.