మా అపార్ట్‌మెంట్‌లో బొంతల గ్రూపు పెట్టాం, మీ గ్రూపుల్లో ఏం చేస్తున్నారు?

కుట్టుపిచ్చి_నిజాంపేట:
సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాం. తొమ్మిది మందిమి, శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. ఇప్పటికి పెద్ద బొంతలు మూడు, చంటిపిల్లలవి నాలుగు అయ్యాయి. అడగాల్సినవి మూడు. అందరం కలిసి ఒకే బొంత కుట్టాలా, ఎవరిది వాళ్లు తెచ్చుకుని కుట్టుకోవాలా? దారం, అస్తరు గుడ్డ ఖర్చు ఎలా పంచుకుంటున్నారు, ఇప్పటిదాకా అంతా నా చేతిదే పోతోంది. అయిపోయినవి ఎవరికిస్తున్నారు? అన్నట్టు మా గ్రూపులో ఒకావిడ పోయిన వాళ్ల అత్తగారి వెంకటగిరి చీరలు నాలుగు ఇచ్చారు. అందులో రెండింటితోనే ఆ నాలుగు చంటి బొంతలూ వచ్చాయి, ఎంత మెత్తగా ఉన్నాయో చెప్పలేను.

గోదారి_గట్టు:
ఒకే బొంత అందరూ కుట్టే పని మాత్రం పెట్టుకోకండి తల్లీ. మాది రాజమండ్రి, ఆరుగురం మొదలుపెట్టాం. ఒకావిడ కుట్టు బియ్యపుగింజంత, ఇంకొకావిడది వేలెడంత, కాలి బొటనవేలు తగులుకుని చిరిగేంత. ఆవిడ వెళ్లిపోయాక మేం ఆ మూరెడు విప్పేసి మళ్లీ కుట్టాం, ఏమీ తెలియనట్టు మడతపెట్టి ఉంచాం. మరుసటి వారం రాగానే చూసి "నా కుట్టు ఏదీ" అంది. రెండేళ్లయింది, కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది.

సీతమ్మ_కోడలు:
ఏమనుకోకండి, పోయినావిడ చీరలు చంటిపిల్లల కింద పరుస్తారా? మా ఇళ్లల్లో పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇచ్చేస్తారు, ఇంట్లో ఉంచుకోరు కూడా. ఆ బొంతలు ఎవరికిస్తున్నారో వాళ్లకి ఈ సంగతి చెప్పే ఇస్తున్నారా?

కరీంనగర్_పోరి:
మా నానమ్మ పోయినాక ఆమె చీరలు మూడు అమ్మ దాచింది. నాకు కొడుకు పుట్టినప్పుడు వాటితోనే బొంత కుట్టింది. వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు, ఆ బొంత లేకపోతే నిద్ర పట్టదు, ఉతకడానికి తీసినా ఏడుస్తడు. ఏ దోషమూ తగల్లేదు. నానమ్మ ఒళ్లో పడుకున్నట్టే కదా.

సీతమ్మ_కోడలు:
మీ నానమ్మ మీ రక్తం. ముక్కూ ముఖం తెలియనివాళ్ల పిల్లకి ఇచ్చేటప్పుడు సంగతి వేరు. ఆ మాటే అన్నాను, దోషం అన్న మాట నేను వాడలేదు.

డాలస్_క్విల్టర్:
నేను 11 ఏళ్లుగా ఇక్కడి గిల్డ్‌లో, అంటే క్విల్ట్ కుట్టేవాళ్ల సంఘంలో ఉన్నాను, రెండేళ్లు ట్రెజరర్‌గా కూడా చేశాను కాబట్టి ఒక మాట. ముందు మీరు కుట్టేది క్విల్ట్ కాదన్నది తెలుసుకోవాలి. క్విల్ట్ అంటే పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో కాటన్ బ్యాటింగ్ అనే దూది పొర, అడుగున బ్యాకింగ్ గుడ్డ. ముక్కలు అతికే కుట్టు కచ్చితంగా పావు అంగుళం లోపలికి ఉండాలి. పాత చీరలు పేర్చి కుట్టడం వేరే పద్ధతి. మేం నెలకొక బ్లాక్, అంటే క్విల్ట్ పైభాగంలో అతికే ఒక చదరానికి డిజైన్ ఇస్తాం, అందరూ ఒకే కొలతకు కుట్టి తెస్తారు, అప్పుడు గోదారి గారు చెప్పిన గొడవ రానే రాదు. ఇక పోయినవాళ్ల బట్టల సంగతంటారా, ఇక్కడ ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లతో కుట్టిన క్విల్ట్‌ని 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో పరిచారు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే సమాధి కొలత. మొదటిసారికే 1,920 ముక్కలు. ఎంతో మంది పోయినవాళ్ల చొక్కాలు, జీన్స్ అందులో కుట్టేశారు.

సీతమ్మ_కోడలు:
అది గుర్తుగా కుట్టింది. నేలమీద పరిచి దండం పెట్టేది, పిల్లకి కప్పేది ఒకటేనా?

బెజవాడ_బుజ్జి:
"క్విల్ట్ కాదు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను నేను. అలబామాలో జీస్ బెండ్ అనే ఊరుంది, అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చీకిపోయిన ప్యాంట్లు, గోతాలు చింపి కుట్టేవాళ్లు. కొలతలూ లేవు, పావు అంగుళాలూ లేవు. అవే 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో పెట్టారు, మీ రాష్ట్రంలోనే మేడమ్, 2006లో అమెరికా వాళ్లు స్టాంపులు కూడా వేశారు. అందులో మిస్సూరీ పెట్వే అనే ఆవిడ 1942లో చనిపోయిన భర్త పనిబట్టలతో ఒకటి కుట్టింది, ఎందుకో తెలుసా, కప్పుకోవడానికే. గోడకి తగిలించుకోవడానికి కాదు.

డాలస్_క్విల్టర్:
జీస్ బెండ్ నాకు తెలుసు. నేను టెక్నిక్ గురించి చెప్పాను, మీరు ఎమోషన్ తీసుకొస్తున్నారు.

బెజవాడ_బుజ్జి:
ఎమోషన్ లేకపోతే రగ్గు కొనుక్కోవచ్చు కదండీ, షాపులో 600కి దొరుకుతుంది.

హుబ్బళ్లి_తెలుగమ్మాయి:
మీరు కొట్టుకోండి, నేను ఒకటి చెప్పి పోతా. ఇక్కడ బొంతని కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్లు, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్లు, కుట్టేదాన్ని కవంది అంటారు. మనలా మధ్యలో పరిచి కుట్టరు, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడే ముక్కలు పెట్టుకుంటూ, చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. పైన ముక్క పెట్టడం, కింద గుడ్డతో కలిపి కుట్టేయడం ఒకేసారి అయిపోతుంది. చివర నాలుగు మూలలకీ మడతపెట్టిన చిన్న ముక్కలు అతుకుతారు, పూలు అంటారు, అవి పెట్టందే కవంది పూర్తయినట్టు కాదు. మా గ్రూపులో ఇలా ఒకటి చేశాం. నలుగురం నాలుగు వైపులా కూర్చుని లోపలికి కుట్టుకుంటూ వచ్చాం, మధ్యకి వచ్చేసరికి తలలు ఢీకొన్నాయి, అంతే, ఇంకే సమస్యా రాలేదు.

గోదారి_గట్టు:
కుట్టు చిన్నా పెద్దా తేడా రాలేదా మరి?

హుబ్బళ్లి_తెలుగమ్మాయి:
వచ్చింది. కానీ ఎవరి వైపు వాళ్లదే కదా, చూడగానే ఎవరిదో తెలుస్తుంది. మేం అదే బాగుందనుకున్నాం.

మూడుపొరలు:
ఇవ్వడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా గోడు వినండి. మేం ఒక పిల్లల ఆశ్రమానికి 12 బొంతలు ఇచ్చాం, ఫొటోలు దిగాం, చాలా సంబరపడ్డాం. మూడు నెలలకి వెళ్తే స్టోర్ రూములో పేర్చి ఉన్నాయి. వార్డెన్‌ని అడిగితే "అమ్మా, తడిస్తే ఇద్దరు మోయాలి, వానాకాలం నాలుగు రోజులైనా ఆరవు, వాసనొస్తాయి" అంది. తప్పు మాదే. చీర ఐదున్నర మీటర్లు, ఆరడుగుల బొంతకైతే ఒక చీర మూడు పొరలవుతుంది. మేం ఘనంగా ఉండాలని ఒక్కోదానికి నాలుగు చీరలు పెట్టాం, లెక్క వేయండి, పన్నెండు పొరలు! ఇప్పుడు రెండు చీరలు దాటనివ్వం. పైన నైలెక్స్ చీర వేస్తే రంగులు బాగుంటాయని ఒకావిడ పట్టుబట్టింది, వద్దన్నాం, జారుతుంది, చెమట పీల్చదు. చేయి చాపి ఆరేయగలిగితేనే ఆ బొంత వాడతారు.

బెజవాడ_బుజ్జి:
ఎర్ర అంచులున్న చీరలైతే ముందే తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే లోపలి పొరల్లోకి కూడా పంపకండి. మా గ్రూపులో తెల్ల బొంత ఒకే ఒక్క ఉతుకుకి గులాబీ రంగు అయిపోయింది, కుట్టినవాళ్లు ఏడ్చారు, మా ఆయన మాత్రం బాగుంది అన్నాడు.

కరీంనగర్_పోరి:
దబ్బనంతో కుడుతున్నారా ఎవరైనా? మా అమ్మ తిడుతది, గోతాలు కుట్టేదానితో చీర కుడతారా, బొక్కలు పడతయి అని. పొడుగు సూది, దారానికి మైనం రాసి కుడుతది. వేలికి టోపీ పెట్టుకోమంటే వినదు, చూపుడు వేలు కొస గట్టిగా కాయ కాసి ఉంటది.

డాలస్_క్విల్టర్:
మైనం రాస్తే దారం చిక్కు పడదు, కరెక్ట్. అక్కడ ఒప్పుకుంటాను.

బెజవాడ_బుజ్జి:
హమ్మయ్య.

కుట్టుపిచ్చి_నిజాంపేట:
నేను మూడు అడిగాను, ఖర్చు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పోనీండి. ఇంకోటి చెప్పాలి. చీరలు ఇచ్చినావిడకి ఈ చర్చ ఎవరో పంపించారు. నిన్న మా తలుపు కొట్టి, మిగిలిన రెండు చీరలు ఇచ్చేయమని అడిగారు. గొడవేం పడలేదు, "మా అత్తయ్య చీరల మీద ఇంత మాట పడటం నాకిష్టం లేదు" అన్నారు, అంతే. మడతలో ఇంకా నాఫ్తలీన్ ఉండల వాసన ఉంది. ఇచ్చేశాను. కుట్టిన నాలుగూ ఏం చేయాలో తోచడం లేదు.

సీతమ్మ_కోడలు:
అయ్యో. ఆవిడ చదువుతారని నేను అనుకోలేదండీ. చెప్పి ఇవ్వండి అన్నానే గానీ కుట్టొద్దు అనలేదు నేను. ఆవిడకి నా మాటగా చెప్పగలరా? మా అత్తగారు పోయినప్పుడు చీరలన్నీ ఒక్క రోజులో ఇచ్చేశాం, ఒక్కటి కూడా ఉంచుకోలేదు.

కరీంనగర్_పోరి:
ఆ నాలుగులో ఒకటి ఆవిడకే ఇచ్చేయండి. వాళ్లింట్లో ఎవరైనా పుట్టకపోతరా.

మూడుపొరలు:
ఖర్చు సంగతి: మేం నెలకి మనిషికి 100 డబ్బాలో వేస్తాం, దారం, అస్తరు అందులోంచే. రానివాళ్లు కూడా వేయాలి. ఇద్దరు మానేశారు, మిగతావాళ్లం సరిపోయాం. అస్తరు మాత్రం తాను మొత్తం ఒకేసారి కొనండి, మీటర్ల లెక్కన కొంటే ఎక్కువ పడుతుంది.

గోదారి_గట్టు:
మానేసినవాళ్లు డబ్బులు వెనక్కి అడగలేదా? మా దగ్గర అడిగింది, 40 రూపాయలకి. అదీ ఆ వేలెడంత కుట్టు ఆవిడే.