గలియార్డ్ నడకను ఏమనాలి: తిశ్రమా, రూపకమా?

ప్రశ్న: 16వ శతాబ్దపు యూరప్ నృత్య వరుసలను మాండొలిన్ మీద నేర్పే పాఠాలకు తెలుగు మాటలు కుదురుస్తున్నాం. వాటిలో పవాన్ అనే నృత్యానికి చతురశ్రం (నాలుగు దెబ్బల నడక) సరిపోయింది. గలియార్డ్ అనే నృత్యానికి ఆరు దెబ్బలు. దీన్ని కొందరు తిశ్రం అంటున్నారు, కొందరు రూపకం అంటున్నారు. ఏది రాయమంటారు?

జవాబు: ఒట్టి తిశ్రం అని రాసి వదిలేయకండి. కచేరీ వాడుకలో ఆ మాట వినగానే తిశ్రగతి, అంటే ఒక్కో దెబ్బను మూడుగా పంచడం స్ఫురిస్తుంది. గలియార్డ్‌లో జరిగేది అది కాదు, మూడు దెబ్బల చుట్టు రెండుసార్లు వస్తుంది. తిశ్రజాతి ఏకతాళం (మూడు అక్షరాల, అంటే మూడు లెక్కల తాళం), రెండు ఆవర్తనాలు (చుట్లు) అంటే లెక్క కుదురుతుంది. పక్కనే "తకిట తకిట" అని వేస్తే తాళాలు తెలియనివారికీ అందుతుంది. రూపక తాళానికీ ఆరు అక్షరాలే గానీ, ఇప్పుడు మూడు క్రియలతో (చేతి కదలికలతో) వేస్తారు కనుక చేతికి "తక తక తక" పడుతుంది.

మరొకరు: తాళం పేరుతో పాటు ఐదో దెబ్బ గురించి తప్పక రాయండి. 1589లో ఫ్రాన్స్‌లో ఆర్బో అచ్చువేయించిన నృత్యగ్రంథం ప్రకారం మొదటి నాలుగు దెబ్బలకు నాలుగు అడుగులు, ఐదో దెబ్బకు గాల్లోకి ఎగరడం, ఆరో దెబ్బకు దిగి నిలబడడం. అందుకే చాలా గలియార్డ్‌లలో నాలుగో దెబ్బ మీది స్వరం ఐదో దెబ్బ సగం దాకా సాగుతుంది. ప్లెక్ట్రం (తీగను మీటే చిన్న బిళ్ల) ఒకటి నుంచి నాలుగు దాకా కిందికే. ఐదు మీద చేయి కిందికి దిగాలి గానీ తీగను తాకకూడదు. ఐదు దాటాక సగంలో పైకి మీటాలి, ఆరు మళ్లీ కిందికి. చేయి ఐదు దగ్గర ఆగిపోతే ఆ పై మీటు తొందరపడి, ఎగిరినవాళ్లు దిగకముందే ఆరు వచ్చేస్తుంది. ఆ పై మీటు మాండొలిన్ జంట తీగల్లో ఒక్కదానికే తగిలి పీలగా పలకడం ఇంకో సమస్య. ప్లెక్ట్రం వదులుగా పట్టుకుని రెండు తీగలనూ దాటించాలి. మొదట్లో నిమిషానికి 90 దెబ్బలు చాలు.

ఇంకొకరు: సాగే స్వరాన్ని ట్రెమలోతో (ఒకే స్వరాన్ని వేగంగా పైకీ కిందికీ మీటుతూ) నింపొద్దని కూడా చెప్పండి. ఎగిరే చోటు వినపడకుండా పోతుంది. పైగా నాలుగు జంట తీగల మాండొలిన్ 18వ శతాబ్దపు నేపుల్స్‌ది, ఈ వరుసలు అంతకు చాలా ముందువి. తీగను దానంతట అదే మోగనివ్వాలి.

రూపకాన్నీ పూర్తిగా తీసేయకండి. చాలాచోట్ల ముగింపుకు ముందు ఆరు దెబ్బలు 3+3 నుంచి 2+2+2కు మారతాయి. అక్కడ ఊనిక 1, 4 మీద కాక 1, 3, 5 మీద పడుతుంది. ఆ ఒక్క చోట "ఇక్కడ రూపకం నడక" అని రాస్తే నేర్చుకునేవారికి వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఐదో దెబ్బకు తీగ తాకకుండా దిగే మీటును "ఖాళీ" అనవచ్చాండీ?

జవాబు: హిందుస్తానీ తాళంలో ఖాళీకి వేరే అర్థం ఉంది. "ఉత్తి మీటు" అనండి, చేయి కదులుతుందనీ తీగ మోగదనీ రెండూ తెలుస్తాయి.