సమస్య: ఓడినట్టివాఁడె యొడ్డు చేరె

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. వస్తువు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్‌వారితో పోరిన జార్జ్ వాషింగ్టన్ సైనిక జీవితం. గెలిచిన పోరాటాలకన్నా ఓడినవే ఎక్కువన్న పేరున్న సేనాని కనుక సమస్య మరీ కష్టం కాదు. పాదాంత విసంధికి (పాదం చివర సంధి కలపకపోవడానికి) మినహాయింపు ఉంది. యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొంతన) తప్పితే మాత్రం ఊరుకోను.

పద్యప్రియ:
బ్రూక్లినందు నోడి పొగమంచు తెరలోన
సడియు లేక సేన సాగనంపి
చివరి పడవ నెక్కె సేనాని తానును
ఓడినట్టివాఁడె యొడ్డు చేరె

1776 ఆగస్టు 27న, బ్రూక్లిన్ ఉన్న లాంగ్ ఐలండ్‌లో ఓటమి. 29 రాత్రి దాదాపు 9,000 మందిని ఈస్ట్ నది దాటించాడు.

నిర్వాహకుడు: ‘బ్రూ–పొ’ యతి చెల్లింది. ‘తానును’ గణం నింపడానికి వచ్చిన మాట. పడవలు నడిపిన మార్బుల్‌హెడ్ ఊరి జాలర్లకు ఆ చోటు ఇచ్చి ఉండవలసింది. డిసెంబరులో మంచుగడ్డల మధ్య డెలావేర్ నది దాటించి ట్రెంటన్ విజయానికి దారి వేసిందీ వాళ్లే.

మంజీర: నేను ప్రత్యర్థిని, బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌ను పట్టుకున్నాను.
యార్కుటౌనునందు నాయుధములు వీడి
తలను వంచినట్టి దర్పధనుఁడు
గద్దె నెక్కఁ బంపఁ గలకత్త కేతెంచె
ఓడినట్టివాఁడె యొడ్డు చేరె

పద్యప్రియ: మంజీర గారూ, మంచి మెలిక! కానీ 1781 అక్టోబరు 19న కార్న్‌వాలిస్ తల వంచనే లేదు. ఒంట్లో బాగాలేదని కబురు చేసి, లొంగుబాటుకు తన ఉపసేనాని ఓహారా చేతికి కత్తి ఇచ్చి పంపాడు. ఓహారా ముందు, వాషింగ్టన్ పక్షాన ఉన్న ఫ్రెంచి సేనాని రోషాంబో వైపు నడిస్తే ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు. వాషింగ్టనేమో, వచ్చింది ఉపసేనాని కదా అని, తన కింది లింకన్‌ను చూపించాడు.

మంజీర: అయితే ‘తలను దాచినట్టి దర్పధనుఁడు’ అందాం. 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశంలో దిగి, 1792లో టిప్పు చేత సగం రాజ్యం రాయించుకున్నాడు. ఒడ్డు చేరినట్టే!

నిర్వాహకుడు: సవరణే మూలాన్ని మించింది. వస్తువు పక్కకు జరిగినా ఒప్పుకుంటున్నాను.

కొత్తచిగురు:
పత్ర మప్పగించి ప్రతినిధి సభ ముందు
ఇంటి దారి పట్టె నెంత వింత
రాజపదవిమీద రాగమ్ము నిచ్ఛతో
ఓడినట్టివాఁడె యొడ్డు చేరె

నిర్వాహకుడు: ధర్మరాజు జూదంలో రాజ్యాన్ని ఓడినట్టు ఈయన రాగాన్ని (పదవి మీది మోజును) ఓడాడు! 1783 డిసెంబరు 23న అన్నాపొలిస్‌లో సేనాధిపత్యం వదిలిన ఘట్టం నాలుగు పాదాల్లో ఒదిగింది. నా ఓటు దీనికే.

మంజీర: 1789లో అధ్యక్షుడై తిరిగి వచ్చాడు కదా, రాగం పోయిందంటే ఎలా?

కొత్తచిగురు: అమ్మా, నేనన్నది రాజపదవి. అధ్యక్షపదవినీ రెండు విడతలయ్యాక 1797లో వదిలేశాడు.

పద్యప్రియ: 1798లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చేలా ఉందంటే మళ్లీ సేనాధిపత్యం ఒప్పుకున్నాడు. దానికీ ఒక పద్యం రాయండి, చూద్దాం.