పైకప్పు చెక్క వంతెన కొలతలు: కుంగిన ట్రస్‌ను పటంలో ఎలా చూపాలి?

ప్రశ్న

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మా ఇంటికి దగ్గరలో ఉన్న పాత పైకప్పు వంతెనకు కొలతలు తీసి పటాలు గీసిపెట్టమని మా ఊరి చరిత్ర సంఘం వారు నన్ను అడిగారు. అది 1820లో ఇథియెల్ టౌన్ పేటెంటు పొందిన లాటిస్ పద్ధతిలో, పలకలను ఏటవాలుగా ఇరువైపుల నుంచీ జల్లెడలా పేర్చి, అవి ఒకదానినొకటి దాటే చోటల్లా చెక్క మేకులు దిగ్గొట్టి కట్టిన వంతెన. ఇన్నేళ్లూ కాంక్రీటు కట్టడాల మీదే పనిచేసిన నాకు ఇది కొత్త. వంతెన బరువును మోసే రెండు పక్కల చెక్క చట్రాలలో (ట్రస్‌లలో) ఎడమ ట్రస్ పొడవు కుడిదానికంటే రెండంగుళాలు ఎక్కువ వచ్చింది, నడుమ వంతెన నేల కుంగి ఉంది. పటంలో దేనిని సరైన కొలతగా వేయాలి? కాంతి కిరణంతో కట్టడం ఆకారాన్నంతా కొలిచే లేజర్ స్కానర్ అద్దెకు తెస్తే ఈ చిక్కు తీరుతుందా?

సమాధానం 1

రెండింటినీ ఉన్నవి ఉన్నట్టే వేయండి, సగటు మాత్రం తీయకండి. అయితే ముందు మీ టేపును అనుమానించండి. ఒక్కో పలక మధ్య దూరాన్ని విడివిడిగా కొలిచి కూడుకుంటూ పోతే చిన్న చిన్న పొరపాట్లన్నీ పోగుపడతాయి. టేపు మొదలును ఒక చివర కదలకుండా బిగించి, అక్కడి నుంచే ప్రతి మేకు దాకా వరుసగా చదవండి. కుంగుబాటుకు నేలను ఆధారం చేసుకోకూడదు, ఎందుకంటే నేల పలకలను ఎన్నోసార్లు మార్చి ఉంటారు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక మట్టపు గీత పెట్టుకుని, దాని నుంచి కింది దూలం ఎంత దిగువన ఉందో ప్రతి పదడుగులకూ రాసుకోండి. పాత వడ్రంగులు ట్రస్‌ను నడుమ కొంచెం పైకి వంచి కట్టేవారు కాబట్టి, ఇప్పుడు సమంగా కనిపించేది కూడా కుంగినదే కావచ్చు.

సమాధానం 2

స్కానర్ మంచిదే, కానీ అది కంటికి కనిపించేదానినే పట్టుకుంటుంది. కింది దూలం చివరలు రాతి ఆధారం మీద కూర్చునే చోట మట్టీ తేమా చేరి చెక్క లోలోపలే పుచ్చుతుంది, అది స్కాన్‌లో తెలియదు. సన్నని సూది కడ్డీతో గుచ్చి ఎంత లోతుకు దిగిందో రాసుకోండి. పాత ఇంజినీరింగ్ కట్టడాలను పటాలుగా నమోదు చేసేందుకు 1969లో మొదలైన అమెరికా ప్రభుత్వ కార్యక్రమం హిస్టారిక్ అమెరికన్ ఇంజినీరింగ్ రికార్డ్ వారి పటాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు, గీసే పద్ధతికి అవే మంచి నమూనాలు. ఆలస్యం చేయవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. న్యూయార్క్ రాష్ట్రంలో 1855 నాటి ఓల్డ్ బ్లెన్‌హీమ్ వంతెన 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వరదకు ఒక్కరోజులో కొట్టుకుపోయింది.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే టేపు బిగించి మళ్లీ కొలిచాను. తేడా అర అంగుళానికి దిగింది. తూర్పు చివర నాలుగు పలకల మీద రంపపు గాట్లు గుండ్రంగా ఉన్నాయి, మిగతావాటి మీద నిలువుగా ఉన్నాయి. ఇవి తరువాత వేసినవేనా?

సమాధానం 1

చాలావరకు అయి ఉండవచ్చు. నిలువు గాట్లు పైకీ కిందికీ ఆడే పాతకాలపు రంపంవి, గుండ్రనివి చక్రపు రంపంవి. కానీ రెండు రకాల రంపాలూ కొంతకాలం పక్కపక్కనే పనిచేశాయి కాబట్టి, ఆ నాలుగు పలకలకూ వేరే గీతలు వేసి, పక్కన “గాట్లను బట్టి ఊహ” అని రాయండి, సంవత్సరం మాత్రం వేయకండి. వాటి మేకులు కూడా మిగతావాటికంటే లావుగా ఉన్నాయేమో చూడండి.