అప్‌డేట్: పట్టాతోనే సింహాచలం వెళ్లాం

స్నాతకోత్సవానికి ముందు గుడికి వెళ్లాలా, తర్వాతా అని పోయిన వారం అడిగాను. "పట్టా తీసుకెళ్లి స్వామి పాదాల దగ్గర పెట్టమ్మా" అన్నారు మీలో చాలామంది. అలాగే చేశాం.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పట్టా అందుకున్న మర్నాడే అమ్మానాన్న, అమ్మమ్మతో సింహాచలం కొండెక్కాం. సీటు రావాలని రెండేళ్ల క్రితం ఆ గుడిలో, కౌగిలించుకుంటే కోరికలు తీరతాయని నమ్మే కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకున్నాను. ఈసారి కౌగిలించుకుంటే కోరిక ఏదీ తట్టలేదు, ఏడుపే వచ్చింది.

అమ్మమ్మకు చదువు రాదు. మెట్ల దగ్గర కూర్చుని "నీ పేరెక్కడుందే?" అని అడిగి, ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమింది. చాలాసేపు పట్టా వదల్లేదు. నాన్న అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

ఫీజు కోసం తాకట్టు పెట్టిన అమ్మ గాజులు మొదటి జీతంతో విడిపిస్తాను. మీ అందరికీ మనసారా దండాలు.